రాసినట్టే చదివిన పిల్ల

ఇంగ్లీషు దేశంలో వూస్టర్ ఊళ్లో సాసు ఫ్యాక్టరీలో పీపాల్లో సాసు కలిపే పని విల్ఫ్ టాండీది. వెనిగర్‌లో ఉల్లిపాయలు, చేపలు నెలల తరబడి ఊరే ఆ చోట నలభై ఏళ్లు పనిచేశాడు. ఎంత సబ్బు అరగదీసినా ఒంటికి పట్టిన వాసన వదిలేది కాదు. దాన్ని అతను పట్టించుకోలేదు. అతన్ని లోపల్లోపల తినేసింది వేరే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాలుగైదేళ్లకు సీసాలకు లేబుళ్లు అంటించే బల్ల దగ్గరికి హలీనా వచ్చింది. పోలండ్ పిల్ల. శరణార్థుల శిబిరం నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆమెను చూస్తే విల్ఫ్‌కి ప్రాణం లేచొచ్చేది, కానీ నోరు పెగిలితేగా! చివరికో సోమవారం ధైర్యం చేశాడు.

"శుక్రవారానికల్లా ఈ లేబుల్ మీది పేరు చదివి వినిపించు. ఆదివారం నదిగట్టుకి షికారు తీసుకెళ్తా."

పాపం, ఆ పిల్ల నాలుగు రోజులూ కూడబలుక్కుంది. శుక్రవారం టీ వేళ అందరూ ఉండగా లేచి, సీసా రెండు చేతులా పట్టుకుని, ఒక్క అక్షరమూ వదలకుండా, "వోర్-సెస్-టెర్-షి-రే" అంది.

రాసేదొకటి, పలికేదొకటి, అదేం భాషో! లేబుల్ మీది Worcestershireని ఆ ఊరివాళ్లు సగం అక్షరాలు మింగేసి "వూస్టర్‌షర్" అంటారు. ఊరి పేరు ఆమె రోజూ వింటూనే ఉంది. లేబుల్ మీదున్నదీ ఆ పేరేనని ఎవరు చెప్పారు గనక? చెప్పాల్సింది విల్ఫే. ఆ మహానుభావుడు అందరికంటే ముందు పకపకా నవ్వాడు.

బల్ల చివర కూర్చున్న ఎడ్నా అందుకుంది. "అబ్బో, రాణీగారు షిరేకి షికారు పోతారటర్రోయ్!"

"తప్పా?" అని హలీనా విల్ఫ్‌నే అడిగింది. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆదివారం నదిగట్టున రెండు గంటలు నిలబడ్డాడు. ఆమె రాలేదు. సోమవారం పనిలోకీ రాలేదు. శిబిరానికి పరిగెత్తితే, ఉత్తరాదిన ఏదో నూలు మిల్లుకి వెళ్లిపోయిందన్నారు. ఏ ఊరో వాళ్లకీ తెలీదు. ఆ తర్వాత పెళ్లి మాటెత్తితే చాలు, చెల్లెలు డొరీన్‌ని కసిరేవాడు.

డెబ్భై ఎనిమిదో ఏట ఓ మధ్యాహ్నం డొరీన్ రొట్టె మీద చీజ్ వేసి కాల్చి పెట్టింది. విల్ఫ్ సాసు సీసా బాగా కుదిపి నాలుగు చుక్కలు చల్లుకున్నాడు. లేబుల్ కేసి చూస్తూ, "వోర్-సెస్-టెర్-షి-రే" అన్నాడు.

డొరీన్ కిసుక్కున నవ్వింది. "ఏంటన్నయ్యా, నలభై ఏళ్లు అందులోనే నానావు, పేరే మర్చిపోయావా?"

"నవ్వకే." సీసా చెల్లెలి ముందుకి జరిపాడు. "ఇక్కడ రాసింది అదేనే. ఆ పిల్ల సరిగ్గానే చదివింది."