పందేనికి ముందు అరకిలో

నొయెలీన్ ఒకప్పుడు గుర్రప్పందేల్లో స్వారీ చేసే జాకీ. ఇప్పుడు విక్టోరియాలోని మా ఊరి రేస్‌కోర్సులో జాకీల మనసు కుంగిపోకుండా కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. ఆ శనివారం పందేనికి ముందు, జాకీకి పెట్టిన బరువు హద్దుకి అరకిలో మించడంతో, బ్రైడీ అనే జాకీ అమ్మాయి బాత్రూంలో గొంతులో వేలు పెట్టుకుని కక్కుతోంది. గుమ్మంలో గుర్రాల ట్రైనర్ మెర్వ్ సాసేజ్ నములుతూ నవ్వుతున్నాడు.

"ఇంకాస్త కక్కవే, అరకిలోనే కదా! నొయెలీన్, దీనికి నాలుగు ధైర్యం మాటలు చెప్పు. అందుకేగా నిన్ను పెట్టింది?"

నొయెలీన్ మెర్వ్ వైపు తిరిగింది. తన పళ్లు పాడైందీ ఇలా కక్కీ కక్కీనే.

"దానిక్కావాల్సింది ధైర్యం కాదు, డాక్టర్. అడ్డు తప్పుకో, సిగ్గులేనోడా!"

డాక్టర్ బ్రైడీని స్వారీ చెయ్యొద్దన్నాడు. మెర్వ్ వెంటనే మరో బక్కపిల్లని గుర్రమెక్కించాడు. ఆ గుర్రమే గెలిచింది. గెలుపు ఫొటో తీస్తుంటే మెర్వ్ ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి, "వీళ్లంతా నా బిడ్డల్లాంటోళ్లు," అన్నాడు.

నొయెలీన్ తుపుక్కున ఉమ్మేసి, బ్రైడీని కారెక్కించుకుని వెళ్లిపోయింది.