వేడి మీద చూసిన అంకె

నా నంబరు మా నాయనకు చూపించడానికి నాకు ఒక పగలూ, ఆపైన ఇంకో సగం పగలూ పట్టింది. పేపరు నా చేతిలోనే ఉంది. నాయన నా ఎదురుగానే ఉన్నాడు. మధ్యలో నాలుగు టైర్లు అడ్డం వచ్చాయి.

అప్పట్లో బి.ఎస్సీ ఫలితాలు పేపర్లో పడేవి. పేర్లుండవు. ఆవాలు చల్లినట్టు వట్టి నంబర్లే. అనంతపురం బస్టాండులో పేపరు కొని, నిలబడ్డచోటే వెతికి, ఫస్టు క్లాసు కింద నా నంబరు చూసుకున్నాను. మళ్లీ చూసుకున్నాను. అది కదిలి పక్క వరసలోకి పోతుందేమోనని వేలు పెట్టి పట్టుకున్నాను. ధర్మవరం బస్సెక్కాక కూడా ఆ వేలు తియ్యలేదు. పక్కన కూర్చున్న అవ్వ చూసి చూసి అడిగింది.

"ఏం పాపా, లాటరీ తగిలిందా?"

"అంతకంటే పెద్దదే అవ్వా. బి.ఎస్సీ పాసయినా."

"అట్లనా. అయితే ఆ యేలు తీసి టికెట్టు తీసుకో. కండక్టరు అప్పట్నుంచి నిలబడినాడు."

ఆ సంతోషం ఎట్లాంటిదో చెప్పాలంటే మా ఇంటి చదువు సంగతి చెప్పాలి. అమ్మ మూడో తరగతి. నాయన సంతకం వరకే. వాళ్ల వెనక ఎవరైనా చదివారా అని అడిగితే, "యాల లేరు? మీ ముత్తాత బడికి గోడ కట్టినాడు" అనేది అమ్మ.

నేను ఇల్లు చేరేసరికి అమ్మ పక్కింటి మగ్గానికి కండెలు చుడుతోంది. నా ముఖం చూడగానే దారం వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. నేను కాళ్లు కడుక్కునే లోపల పది ఇళ్లవాళ్ల చేతుల్లో బెల్లం ముక్కలున్నాయి.

"నాయన యాడమ్మా?"

"సావుకారి కొట్టం కాడ. ఇప్పుడే కదిరి నుంచి కారొచ్చినాది. పోయి చెప్పు. బిన్నా పో!"

మా నాయన మొదట నేతపని వాడే. ఒక కరువు ఏడు మగ్గం ఆగిపోతే లారీ మీద క్లీనరుగా పోయి, డ్రైవరై తిరిగొచ్చాడు. నేను బడిలో ఉన్నప్పటి నుంచీ పట్టుచీరల సావుకారి అంబాసిడరు తోలుతున్నాడు. నన్ను హాస్టల్లో పెట్టి చదివించింది ఆ కారే అనుకోవచ్చు.

ఆ కారు టైర్లలో గాలి చూడడానికి నాయనకు ఒక పద్ధతి ఉండేది. విరిగిపోయిన మా మగ్గంలోని చింతకర్ర ముక్క ఒకటి దాచుకున్నాడు. రోజూ పొద్దు పొడవకముందే, కారు కదలకముందే, దాని చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరును ఆ కర్రతో కొట్టి, తల వంచి చెవి పెట్టి వినేవాడు. టంగ్ అంటే సరే. డొప్ అంటే పంపు తెచ్చి కొట్టేవాడు. కొత్తగా కాపురానికొచ్చిన సావుకారి కోడలు అది కారుకు చేసే పూజ అనుకుని, రెండు రోజులు హారతి పళ్లెం కూడా పంపించింది.

నేను పేపరు పట్టుకుని కొట్టంలోకి పోయేసరికి సావుకారి గొంతు లేస్తోంది. కర్ర చంకలో పెట్టుకుని నాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఈ ఎండాకాలంలోనే రెండు టైర్లు పాయె కదప్పా! నీ చెవిని నమ్ముకుంటే కారును ఇటుకల మీద నిలబెట్టాల్సిందే."

"నల్లమాడ దావలో రాళ్లు అట్లుండాయి సావుకారీ. టైరేం చేస్తాది."

"దావ అందరికీ అదే దావ. ఇది చూడు, మా బామ్మర్ది బెంగుళూరు నుంచి తెచ్చినాడు." సావుకారి జేబులోంచి పెన్నులాంటి వెండి రంగు పుల్ల తీశాడు. "దీన్ని గేజీ అంటారు. టైరు నోటికి పెడితే లోపల గాలి ఎంతుండాదో అంకె చెప్తాది. ఇంగమీదట అంకె ప్రకారమే నడవాల. అంకె చూసి గాలి పెట్టేకి చేతనైనోడే నాకు డ్రైవరు. చేతగాదంటే చెప్పు, వేరే వాణ్ణి చూసుకుంటా."

గేజీ మీద అంకెలు చీమ కాళ్లంత ఉన్నాయి. నాయన వాటిని చూసి, చింతకర్రను ఇంకొంచెం చంకలోకి నొక్కుకున్నాడు.

నాకు ఉండబట్టలేదు. "నేను చూస్తా సావుకారీ! నాయనకు నేర్పిస్తా గూడా!"

"నువ్వా? పరీక్ష ఏమాయె మా?"

"ఫస్టు క్లాసు!" పేపరు విప్పాను. "ఇదిగో నాయనా, నా నంబరు, ఈడ..."

"పేపరు యాడికీ పోదులే. ఫస్టు క్లాసు కదా, మొదట ఇది చదువు" అని సావుకారి గేజీ నా చేతిలో పెట్టాడు. పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాను. తండ్రీ కూతుళ్లం ఇద్దరం చంకలో ఒకటి పెట్టుకునే నిలబడ్డాం.

నాలుగు టైర్లకూ పెట్టి చూశాను. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, మళ్లీ ఇరవై ఎనిమిది, మళ్లీ ఇరవై తొమ్మిది. ఎంత ఉండాలో కారుతో పాటు వచ్చిన పుస్తకంలో ఉంటుందన్నాడు సావుకారి. నూనె మరకల ఇంగ్లీషు పుస్తకం. పేజీ తిప్పగానే అంకె కనిపించింది. వీధి చివరిదాకా వినిపించేట్టు చదివాను. "ఇరవై నాలుగు పౌన్లు!"

"చూస్తివా! నాలుగైదు పౌన్లు ఎక్కువ కొట్టినాడు మీ నాయన. టైరు పగలక ఏమైతాది?"

నాయన నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఇప్పుడు వద్దు మా. కదిరి నుంచి ఎండలో వచ్చినాయి. కాలుతాండాయి, పట్టుకొని చూడు. తెల్లారి చూద్దాం."

"అంకె అంకే నాయనా. అంకెకు ఎండేమి, నీడేమి?"

ఈ మాట అన్నది ఎవరనుకున్నారు? మూసి ఉన్న గాలి వేడెక్కితే దాని ఒత్తిడి పెరుగుతుందని మూడు పేజీలు రాసి, కింద రెండు గీతలు కొట్టి, లెక్చరరు చేత గుడ్ అనిపించుకున్న మనిషి. ఆ గాలి గాజు గొట్టంలో ఉంటుందని తెలుసు గానీ, సావుకారి టైర్లో కూడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

టైరు నోట్లో ఉన్న పిన్ను నొక్కి వదిలాను. బుస్సుమంటూ వచ్చిన గాలి నా వేలికి వెచ్చగా తగిలింది. అప్పుడైనా తెలియాలి. తెలియలేదు. ఫస్టు క్లాసు మనుషులకు వేలితో పనేముంది? నాలుగు టైర్లనూ ఇరవై నాలుగుకు దించి లేచాను.

"అదీ చదువంటే!" అన్నాడు సావుకారి. "రేపు తెల్లారే గుత్తికి పోవాల. పెండ్లోళ్లకు చీరలియ్యాల. అంతదాకా ఎవరూ గాలి ముట్టగూడదు. నువ్వు గూడా రా మా. గుత్తిలో మీ అత్తుండాది కదా, ఫస్టు క్లాసని చెప్పుకుందువు. గేజీకి నువ్వే ఆఫీసరు. నీ కాడే పెట్టుకో."

సాయంత్రం ఇంట్లో పేపరు విప్పుతుంటే చీరల మూటలు కట్టడానికి నాయనకు పిలుపొచ్చింది. నంబరు మళ్లీ మడతలోకి పోయింది.

తెల్లవారుతూనే ఇద్దరం కొట్టానికి పోయాం. నాయన అలవాటుగా మొదటి టైరును కర్రతో కొట్టాడు. డొప్. రెండోది, డొప్. నాలుగూ డొప్. నాయన నా వైపు చూసి, "గేజీ పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇరవై, పంతొమ్మిది, ఇరవై, పంతొమ్మిది.

పరుగున పోయి పుస్తకం తీశాను. నిన్న నేను ఎలుగెత్తి చదివిన ఇరవై నాలుగు అట్లాగే ఉంది. దాని కిందే చిన్న అక్షరాల్లో, టైరు చల్లగా ఉన్నప్పుడు అని రాసి ఉంది. అంకె చదివి అక్షరాలు వదిలేశాను.

"ఏం మా, ఏమన్నా రాసిండారా?"

"రాసిండారు నాయనా. నిన్న నువ్వు చెప్పిందే రాసిండారు."

"ఊ" అన్నాడు. "ఇంగ్లీషోళ్లకు గూడా తెలుసన్నమాట."

తర్వాత పంపు తీసుకున్నాడు. "సావుకారి వచ్చేలోపల కొట్టేస్తా. నువ్వేం మాట్లాడొద్దు. వీధంతా నిన్ననే బెల్లం తినిండారు."

గొట్టం టైరుకు తగిలిస్తున్నాడు, సావుకారి వచ్చేశాడు. వెనకే నేసిన చీరలు తెచ్చిన మా వీధి నేతగాళ్లు నలుగురు. సావుకారి పంపు చూశాడు, నాయనను చూశాడు, నా చేతిలోని గేజీ లాక్కుని టైరుకు పెట్టాడు.

"పంతొమ్మిది! నిన్న ఇరవై నాలుగు పెడితే పంతొమ్మిది యాలయింది? ఎవరూ ముట్టగూడదంటి కదప్పా! గేజీ అబద్ధమని చూపించేకి నువ్వే గాలి తీసినావు!"

నాయన ఒకసారి నా వైపు చూశాడు. తల వంచుకుని, "పొరపాటయింది సావుకారీ" అన్నాడు.

"ఇంగ సాలు. గుత్తికి పోయొచ్చి తాళాలు ఆ గూట్లో పెట్టేసి పో."

నాకు ఆ నలుగురూ నమిలిన బెల్లం గుర్తొచ్చింది. అయినా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నాయన తియ్యలేదు సావుకారీ. తీసింది నేను. నిన్న మీ ఎదురుగానే, వేడి టైర్లలోంచి. తప్పు నాది!"

నేల మీది బొగ్గు ముక్క తీసుకుని కొట్టం గోడ మీద మూడు ఇంగ్లీషు అక్షరాలతో సూత్రం రాసి, ఒత్తిడి అన్నాను, ఉష్ణోగ్రత అన్నాను, ఘనపరిమాణం అన్నాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. సావుకారి గోడను కింది నుంచి పైకి చూశాడు.

"ఇదేం మా, ముగ్గా?"

"చేతిరాత మాత్రం బాగుండాది" అన్నాడు ఒక నేతగాడు, జాలిపడి.

అప్పుడు నాయన పంపు కింద పెట్టాడు.

"సావుకారీ, ఒక మాట. ముసురు పట్టిన దినం మీరు పట్టు కొంటారా?"

ఈ సంగతి మా ఊరంతటికీ తెలుసు. ముడి పట్టు గాల్లోని తేమను తాగుతుంది. ఎండ దినం కంటే ముసురు దినం అదే పట్టు ఎక్కువ తూగుతుంది. అందుకని సావుకారి మబ్బు కనబడితే తక్కెడను దూలం మీంచి దించనిచ్చేవాడు కాదు. వాన కోసం ఊరూరా ఆకాశానికి దండాలు పెట్టే మా జిల్లాలో, మబ్బును చూసి ముఖం ముడుచుకునే మనిషి ఆయనొక్కడే.

"యాల కొంటా? తూకం పెరిగింటాది కదా."

"పట్టు పెరిగింటాదా?"

"పట్టు యాడ పెరుగుతాదప్పా! తూకం పెరుగుతాది, అంతే. ఆరినాక చూసుకుంటే మనకు మిగిలేది నామమే."

"నిన్న మధ్యాన్నం టైర్లలో గాలీ అంతే సావుకారీ. వేడి తాగి తూకం పెరిగిండె. పాప దాన్ని చూసి దించినాది. రాత్తిరి ఆరిపోయినాది."

సావుకారి గోడ వైపు తిరిగి నన్ను అడిగాడు. "నువ్వు రాసింది ఇదేనా?"

"ఇదే సావుకారీ."

"మల్ల ఈ మాటే రాయొచ్చు కదా!"

కాసేపు గడ్డం గోక్కుని, గేజీ పిడికిట్లో పట్టుకుని నాయనతో అన్నాడు. "సరే. నువ్వు నీ చెవి ప్రకారం కొట్టు. నేను అంకె చూస్తా. తేడా వచ్చిందనుకో, తాళాల మాట అంతే."

నాయన పంపు తొక్కడం మొదలుపెట్టాడు. తొక్కి, ఆగి, కర్రతో కొట్టి, చెవి వంచి, మళ్లీ తొక్కి. నాలుగు టైర్లూ టంగ్ మనేదాకా గేజీ వైపు చూడనే లేదు. సావుకారి ఒక్కోదానికి పెట్టి చూశాడు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు. నాలుగోది ఇరవై మూడు.

మా నాయన ఉద్యోగం ఆ ఒక్క పౌను మీద నిలబడి ఉంది.

సావుకారి గేజీని వెలుతురుకు పట్టి, చెయ్యి ఊపాడు. "పోనీలే! ఒక పౌను అటూ ఇటూ లెక్కేమి? నా తక్కెడలోనే అంత తేడా ఉంటాది."

నేతగాళ్లు నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సావుకారికి గట్టిగా దగ్గొచ్చింది.

"కారెక్కండప్పా, పొద్దెక్కుతాంది! ఆ తాళాలు నీ కాడే పెట్టుకో. గూడూ వద్దు, గీడూ వద్దు!"

"బాగా పోయిరా సావుకారీ" అన్నాడు చేతిరాత మెచ్చుకున్న నేతగాడు. "వచ్చినాక తక్కెడ సంగతి మాట్లాడుకుందాం."

ఎండ నెత్తికెక్కే వేళకు గుత్తి కోట కొండ కనబడింది. రోడ్డు పక్కన టీ అంగడి ముందు ఆగాం. సావుకారి దిగీ దిగగానే గేజీ తీసి వెనక టైరు ముందు కూర్చున్నాడు. రబ్బరు మీద చెయ్యి వేసి, చురుక్కుమని తీసుకున్నాడు. గేజీని జేబులో పెట్టేసి, టీ అంగడాయనకు చెప్పాడు.

"టైరు గాలి వేడి మీద చూడగూడదప్పా. సైన్సు."

"నాకు సైకిలే లేదు సామీ" అన్నాడాయన.

నాయన టీ గ్లాసు పట్టుకుని నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. "ఏదీ మా, ఆ పేపరు తియ్యి."

తీశాను. నాలుగు మడతలు పడి, నూనె మరకలంటి, చెమటకు మెత్తబడి ఉంది. నాయన వేలు పట్టుకుని నంబరు మీద పెట్టాను.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంత చిన్నదా!" అని చాలాసేపు చూశాడు. తర్వాత ముఖంలో నవ్వేమీ లేకుండా అడిగాడు. "వేడి మీద చూసినావా, చల్లారినాక చూసినావా?"

"రెండుసార్లూ చూసినా నాయనా. అదే ఉండాది."

నమ్మకం కుదరనట్టు పేపరును పైకెత్తి, చెవి దగ్గర పెట్టుకుని, నా నంబరు ఉన్న చోట గోటితో ఒకసారి కొట్టాడు. తల వంచి విన్నాడు.

"టంగ్ అంటాండాదిలే" అన్నాడు.