వెన్నెల పాట కాదు

కల్తూమా పాడితే ఊళ్లో మగవాళ్లు గుర్రాలెక్కేవారు, లేదంటే తల దించుకునేవారు. సూడాన్‌లోని దార్ఫూర్‌లో ఆమె హక్కామా. ధైర్యవంతుణ్ణి పొగడటం, పిరికివాణ్ణి పేరు పెట్టి కడిగేయడం ఆమె పని. ఇప్పుడు కైరోలో, ఫైసల్ వీధి చివర, పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెట్టి పొట్టపోసుకుంటోంది. పాట మాత్రం వదల్లేదు.

ఆ పాట షేక్ తిజానీ మీద. ఊరి మీద దాడి జరిగిన పొద్దున అక్కడున్న ఒక్క లారీ ఆయన చేతిలోనే ఉంది. మంచాలూ పరుపులూ మేకలూ ఎక్కించుకుని వెళ్లిపోయాడు. పదకొండు మంది ఆడవాళ్లు బావి దగ్గరే ఉండిపోయారు. వాళ్లలో కల్తూమా చెల్లెలు ఒకతె. మళ్లీ కనబడలేదు.

శరణార్థుల సాహిత్య సభలో పాడమని, ఆ సభ నడిపే మదాం నెర్మీన్ పిలిస్తే కల్తూమా ఒప్పుకున్నది ఒక్కందుకే. తిజానీ ముందు వరుసలో కూర్చుంటాడట. ఇక్కడ ఆయన శరణార్థులకు పెద్దమనిషి మరి. సిగ్గూ ఎగ్గూ లేని లోకం. నలుగురిలో వాడి పేరు బయటపెట్టాలి. చెల్లెలి కోసం ఆమె చేయగలిగింది అంతే.

పాడింది. ఊరి భాషలో తిజానీ పేరు మూడుసార్లు వచ్చింది. హాల్లో కైరో వాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. తిట్టుకు ఏడుపేమిటని వెనక్కి తిరిగి చూస్తే తెర మీద పాటకు అర్థమంటూ అరబీ అక్షరాలు. కల్తూమాకు చదువు రాదు. వంత పాడుతున్న బఖీతాను అడిగింది.

"ఓ వెన్నెలా, మా ఊరికి దారి చూపు అని రాశారు పిన్నీ. షేక్ పేరే లేదు."

కల్తూమాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాట ఆపి, కైరో వాళ్ల మాటలోనే చెప్పింది.

"ఇది వెన్నెల పాట కాదమ్మా, తిట్టు. ఇదిగో, ఇక్కడ కూర్చున్న తిజానీ మేకల్ని లారీ ఎక్కించి ఆడవాళ్లని వదిలేసి పోయాడు. మీరు ఏడవొద్దు. ఆయన్ని అడగండి."

మదాం నెర్మీన్ గబగబా మైకు లాక్కుని, ఎంత గొప్ప అభినయమో అంది. జనం లేచి చప్పట్లు కొట్టారు. తిజానీ కూడా కొట్టాడు. ఇంతింత చదువులు చదివినవాళ్లు. ఎదుటివాళ్ల కన్నీళ్లకు మురిసిపోతారు గానీ నోటి మాట మాత్రం చెవిన పెట్టరు. కల్తూమా వేదిక దిగి గోడవారగా కూర్చుంది. చెల్లెలికి ముఖం ఎలా చూపించాలో తెలియలేదు.

తర్వాత టీలు. పోసేది వెనక వరుసల్లోని సూడాన్ ఆడవాళ్లే. హక్కామా పేరు పెట్టి తిట్టినవాడికి వాళ్లలో ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వరు. బఖీతా పళ్లెం పట్టుకుని ముందు వరుసకు వచ్చింది. ఒక్కొక్కరికీ గ్లాసు అందిస్తూ, తిజానీ చాచిన చేతిని దాటి పక్కాయనకిచ్చింది.

ఆయన నవ్వాడు. "నన్ను మరిచిపోయావేమ్మా?"

"మరిచిపోలేదు షేక్ గారూ," అంది బఖీతా, వరుసంతా వినబడేలా. "పాటలో మీ పేరు విన్నాం. ఇక మా చేతి నీళ్లు మీకు లేవు."