పప్పుల దుకాణానికి వచ్చిన ఫోను

ఛత్రినాకలో మా గల్లీ మొత్తానికి ఒక్కటే ఫోను. అది పప్పుల సేటు దుకాణంలో గల్లాపెట్టె పక్కన ఉండేది. ఎవరికి ఫోను రావాలన్నా ఆ నంబరే ఇచ్చుకునేవాళ్లం. సేటు విసుక్కుంటూనే మనిషిని పిలిపించేవాడు. ఎవరైనా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడితే మాత్రం, "బిల్లు నడుస్తది, జల్దీ పెట్టు" అని అరిచేవాడు.

ఆ యేడు మా కొడుకు పనిచేసే కార్ఖానాకు తాళం పడింది. ఇంటర్ పూర్తయిన మా పెద్ద మనవరాలు, నయాపూల్ అవతల ఒక లారీల కంపెనీ ఆఫీసులో ఫోన్లు ఎత్తి మాట్లాడే పనికి దరఖాస్తు పెట్టింది. జవాబుగా ఉత్తరం వచ్చింది. వచ్చే వారంలో ఏదో ఒక రోజు, పది నుంచి పన్నెండు గంటల మధ్య ఫోను చేసి ఇంగ్లీషులో మాట్లాడి చూస్తారట. మాట నచ్చితేనే పిలుపు. నాకు అక్కడే మండింది. ఏ రోజో చెప్పరు, ఏ గంటో చెప్పరు. పని కోసం అడుక్కునేవాళ్ల ఇంట్లో ఫోను ఉంటుందని వీళ్లకు ఎవరు చెప్పారు?

పిల్లను ఇంగ్లీషు మాస్టరు దగ్గరికి పంపాం. ఆయన అద్దం ముందు నిలబెట్టి నవ్వడం నేర్పాడు. పది ప్రశ్నలు, పది జవాబులు కాగితం మీద రాసిచ్చి బట్టీ పట్టమన్నాడు. ఫోనులో నవ్వు ఎవడికి కనిపిస్తుందని మొహం మీదే అడిగాను.

"మీకు తెల్వదమ్మా" అన్నాడు. రెండో తరగతి చదివినదాన్ని, నాకు తెలియదు మరి!

ఇక నేనే కూర్చోబెట్టాను. ప్రశ్నలన్నీ తెలుగు అక్షరాల్లో రాయించుకున్నాను. పిల్ల చెంబును ఫోనులా చెవికి పెట్టుకుని వంటింట్లో కూర్చునేది. మొహాలు కనబడకుండా తలుపు చాటు నుంచి నేను అడిగేదాన్ని.

"వై డు యు వాంట్ దిస్ జాబ్?"

"నాయినమ్మా, గట్ల పోలీసోని లెక్క అడుగుతే నాకు భయమైతది."

"కంపెనోడు నీకు మేనమామనా, ముద్దుగ అడగనీకి? చెప్పు!"

వరసగా అడిగితే గడగడా చెప్పేది. వరస తప్పిస్తే తడబడేది. తిట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పించేదాన్ని.

సోమ, మంగళవారాలు దుకాణం ముందు బల్ల మీద ఇద్దరం కాపలా కాశాం. ఫోను రాలేదు. బుధవారం పదిన్నరకు నల్లా వచ్చిందని గల్లీలో కేక వినిపించింది. పిల్ల కదలనంది.

"నేను కూసుంట, నువ్వు పో. నీళ్లు పోతే మళ్ల రెండు రోజులు రావు" అని గద్దించి పంపాను. రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లింది.

అది మలుపు తిరిగిందో లేదో, ఫోను మోగింది. సేటు ఎత్తి, "హోల్డ్, హోల్డ్" అని రిసీవరు బల్ల మీద పడుకోబెట్టాడు.

"అమ్మా, మీ పిల్లకే! జల్దీ బులావ్, పిలువ్!" అని తక్కెడ వైపు తిరిగిపోయాడు.

నేను లేచాను. రిసీవరు ఊరికే పడి ఉంది. మనిషి లేని గదిలో బల్బు వెలగనివ్వనిదాన్ని నేను. ఎవరూ మాట్లాడని మాటకు బిల్లెందుకు అనుకున్నాను. కొంగుతో తుడిచి, దాని చోట దాన్ని పెట్టి, నల్లా దగ్గరికి పరుగెత్తాను.

పిల్ల బిందె అక్కడే వదిలేసి నాకంటే ముందు దుకాణం చేరింది. నేను రొప్పుతూ వెళ్లేసరికి సేటు తల పట్టుకుని ఉన్నాడు.

"అరె, కిస్నే రఖా? ఫోన్ ఎవరు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. బిల్లు నడుస్తదని నువ్వే మొత్తుకుంటవ్ గద సేటూ!"

"హాయ్ అమ్మా! వాళ్లు చేస్తే బిల్లు వాళ్లది! పెడితే కట్ అయితది!"

పప్పు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. "ముందుగాల చెప్పనీకి నోరు లేదా?" అని సేటును తిట్టాను. మళ్లీ చెయ్యడానికి వేళ్లు పడిపోయాయా అని కంపెనీవాళ్లను తిట్టాను. పావుగంట చూశాం, మోగలేదు. పిల్ల నడుముకు దోపుకున్న కంపెనీ ఉత్తరం తీసి, పైన ఉన్న నంబరు చూసి, సేటును అడగకుండానే డయల్ తిప్పింది. రెండుసార్లు కలవలేదు. మూడోసారి అవతల ఎవరో ఎత్తారు.

మాస్టరు కాగితంలో దీనికి మాట లేదు. ఆ పదీ ఎవరైనా అడిగితే చెప్పేవే. పిల్ల నా వైపు చూసింది. మా ఇంట్లో నన్ను అట్లా సూటిగా చూసినవాళ్లు లేరు. నా మీద నుంచి కళ్లు తీయకుండానే మొదలుపెట్టింది. ఆగి ఆగి, తప్పి మళ్లీ అందుకుని మాట్లాడింది. గ్రాండ్‌మదర్ అంది, బల్బ్ అంది, వాటర్ అంది. ఫోనులో ఎవరో మగమనిషి నవ్వడం నాకూ వినిపించింది. పిల్ల నవ్వలేదు. అతను ఇంకేవో అడిగాడు, ఇది చెప్పింది. థాంక్యూ అని పెట్టేసింది.

"సోమవారం ఆఫీసుకు రమ్మన్నరు."

"నా గురించి ఏం జెప్పినవ్?"

"ఫోన్ ఎందుకు కట్ అయిందని అడిగిండు. మనిషి లేని అర్రల మా నాయినమ్మ బల్బు వెలగనియ్యదు, ఫోన్ గూడ గట్లనే అనుకున్నదని చెప్పిన."

"ఇంటి ముచ్చట్లు బయటోనికి చెప్తరానే? మాస్టర్ రాసిచ్చింది ఎందుకు చెప్పలే?"

"గది ఆయన అడగనే లేదు."

సోమవారం దాకా దానితో అవసరానికి తప్ప మాట్లాడలేదు. మాస్టరు మీద, కంపెనీ మీద, సేటు మీద వంతులవారీగా మండిపడ్డాను. ఒక్కరి మీదా కోపం నిలవలేదు. ఇల్లంతా ఎదురుచూసిన ఫోనును పెట్టేసింది నా చెయ్యే. ఆ మాట పిల్లతో అనలేదు.

సోమవారం పొద్దున ఇస్త్రీ ఓణీ వేసుకుని గడప దగ్గర నిలబడింది.

"ఇంక కోపమేనా నాయినమ్మా?"

"కోపమే."

"ఎవరి మీద?"

"బస్సు పోతది, నడువు" అన్నాను.