ట్యాంకు మీది మూడు తుపాకులు

మొన్న నందిగామలో ఒక మెకానిక్ షెడ్డు ముందు మా నాన్న బండిలాంటిదే కనిపించింది. పాత ఇంగ్లండు మోటార్ సైకిల్. పెట్రోలు ట్యాంకుకు రెండు వైపులా, నిలబెట్టిన మూడు తుపాకుల గుర్తు.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పిల్లలం కూర్చునేది ట్యాంకు మీదే కదా! డెబ్బైల్లో నేనూ అలాగే జగ్గయ్యపేట నుంచి చందర్లపాడు అమ్మమ్మగారింటికి వెళ్ళేదాన్ని, ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

"ఈ కంపెనీవాళ్ళు ముందు సైన్యానికి తుపాకులు చేసేవాళ్ళమ్మా, బళ్ళు ఆ తర్వాతే," అని నాన్న ఒకసారి గొప్పగా చెప్పారు. ఇక సైలెన్సర్ ఢామ్మన్నప్పుడల్లా ఆ తుపాకులే పేలాయనుకుని వణికిపోయేదాన్ని. వాటి గొట్టాలు పైకి ఉండేవి, నా వెనక కూర్చున్న నాన్న వైపు.

అందుకే దారి పొడుగునా రెండు అరచేతులతో రెండు వైపులా వాటిని మూసి ఉంచేదాన్ని. తూటా వస్తే నా చేతిలోనే ఆగిపోవాలని.

"అట్టాగే గట్టిగా పట్టుకో తల్లీ, భయంలేదు," అనేవారు నాన్న.

ఎందుకు పట్టుకునేదాన్నో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న నేను పక్కన నిలబడి చూస్తుండగా మెకానిక్ ఆ బండికి కిక్కు కొట్టాడు. ఢామ్మంది. చూసుకుంటే నా అరచెయ్యి ఆ తుపాకుల మీద ఉంది.