ఓటుకు బొట్టు పెట్టి పిలిచే మా అత్తగారు

మా అత్తగారు వెంకటరత్నమ్మ ఎన్నికలను కూడా పేరంటంలాగే జరుపుతారు.

హనుమాన్ జంక్షన్‌లో బస్టాండు వెనకున్న మా వీధిలో ఆడవాళ్ళెవరూ పిలవందే ఓటుకు కదలరు. పోలింగు రోజు పొద్దున్నే ఆవిడ తలంటుకుని, కుంకుమ భరిణె పుచ్చుకుని, గడప గడపకీ వెళ్ళి బొట్టు పెట్టి, "ఓటుకి రావాలమ్మా" అని పిలుస్తారు. ఏ పార్టీకని నోరు జారరు. జారక్కర్లేదు, ఆ సంగతి వీధి కుక్కలకి కూడా తెలుసు. తెరేసమ్మగారికి మాత్రం బొట్టు బదులు మల్లెపూలు. పూలబుట్ట మోస్తూ వెనకాల నడిచే ఉద్యోగం నాది.

ఆ పార్టీ మీద ఆవిడకు ప్రేమ ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఈ వీధి ఆడవాళ్ళు లారీ షెడ్డు దగ్గరున్న బోరింగు నుంచి బిందెలు మోసేవారట. వీధిలోకి కుళాయి వచ్చింది ఆ పార్టీ హయాంలోనే. నిండు చూలాలిగా కూడా నీళ్ళు మోసిన మనిషి, కుళాయి తిప్పిన రోజు దాని పక్కనే కూర్చుని ఏడ్చారట. "ఆ నీళ్ళు తాగుతూ పార్టీ మారతానా" అంటారు.

అలాంటి మనిషి మొన్నటి ఎన్నికల్లో అలిగారు. కారణం మురుగు కాలువ. వానాకాలంలో అది పొంగి మా గుమ్మాల్లోకి వస్తుంది. సిమెంటు కాలువ కట్టిస్తామని అంతకుముందు ఎన్నికల్లో వాళ్ళు మాటిస్తే, ఆ మాటను ఇంటింటికీ మోసింది ఈవిడే. వాళ్ళు గెలిచారు. కాలువ కట్టలేదు. అడగడానికి వెళ్తే పార్టీ ఆఫీసులో కుర్చీ కూడా వెయ్యకుండా "రేపు రండమ్మా" అన్నారు. ఆ రేపు ఎప్పటికీ రాలేదు కానీ, మళ్ళీ ఓట్లు మాత్రం టంచనుగా వచ్చాయి.

పోలింగు రోజున ఆవిడ భరిణె జోలికి పోలేదు. పీట వేసుకుని గోంగూర ఒలుస్తూ కూర్చున్నారు.

"మంచి పని చేశావమ్మా. ఈసారి మనం వెళ్ళకపోతే గానీ వాళ్ళకి బుద్ధి రాదు" అన్నాడు మా ఆయన కిరీటి.

"వాళ్ళ బుద్ధి సంగతి తర్వాత. నేను ఏ మొహం పెట్టుకుని పిలవాల్రా? కాలువేదమ్మా అంటే ఏం చెప్పను?"

నాకు ఒళ్ళు మండింది. కోపం పార్టీ మీదైతే గోంగూరేం చేసింది? ఆకులు చెత్తలోకి, కాడలు గిన్నెలోకి పోతున్నాయి.

ఎండ ముదిరినా వీధిలో ఆడవాళ్ళు కదల్లేదు. తెరేసమ్మగారు మంచి చీర కట్టుకుని, పౌడరు రాసుకుని అరుగు మీదే కూర్చున్నారు. వెళ్ళలేదేమండీ అంటే, "మీ అత్తగారు పిలవలేదు కదమ్మా. పిలవని చోటికి ఎట్లా వెళ్తాం?" అన్నారు. ఆ మాట లోపలికి మోసుకెళ్ళి చెప్పాను. ఈవిడ ఇంకో గోంగూర కట్ట విప్పారు.

అప్పుడు వచ్చారు ఎదురింటి మాణిక్యమ్మగారు. బట్టలు కుట్టుకుని బతుకుతారు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పైగా అవతలి పార్టీ, ఆ సంగతి దాచుకోరు కూడా. ఆవిడ చేతిలో కుంకుమ భరిణె ఉంది. గుమ్మం దగ్గరే ఆగిపోయి, "వదినగారూ, ఓటుకి రావాలి" అన్నారు.

అత్తగారు తలెత్తారు. "నీ పార్టీకా?"

"నా పార్టీకి నేనున్నాగా. మీరు మీ వాళ్ళకే వేసుకోండి. వాళ్ళని తిట్టుకుంటూనే వెయ్యండి. పిలుపు మాత్రం మానొద్దండి. ఆయన పోయాక నన్ను పేరంటానికి పిలిచినవాళ్ళు లేరు. ఓటు పేరు చెప్పి నా నుదుటిన బొట్టు పెట్టింది మీరొక్కరే. ఇవాళ పొద్దున్నించీ తలుపు తీసుకుని కూర్చున్నాను."

భరిణె మూత తీసి, అంతలోనే ముందుకు జరిపారు. "మీరే పెట్టుకోండి. నా చేత్తో ఎందుకులే."

"నీ చేతికేమొచ్చింది? పెట్టు" అని అత్తగారు మొహం ముందుకు చాపారు.

మాణిక్యమ్మగారు పెట్టిన కుంకుమ కాస్త ముక్కు మీదకి రాలింది. అత్తగారు తుడుచుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

తర్వాత ఇద్దరూ కలిసి వీధంతా పిలిచారు. తెరేసమ్మగారు కాలువ మాట ఎత్తనే ఎత్తారు. "కాలేదమ్మా. నాకూ కోపంగానే ఉంది. అయినా రండి" అన్నారు అత్తగారు.

ఓటేసి వచ్చాక కిరీటి అడిగాడు. "ఇంతకీ ఎవరికి వేశావమ్మా?"

"కుళాయి ఇచ్చినవాళ్ళకే. ఇక రేపు వాళ్ళు కుర్చీ వెయ్యకపోయినా కూర్చునే అడుగుతాను."

అడుగుతూనే ఉన్నారు. శ్రావణమాసం వచ్చేసరికి కాలువ మళ్ళీ పొంగింది. వరలక్ష్మీ వ్రతం పేరంటానికి పిలవడానికి బయలుదేరితే వీధిలో మడమల దాకా మురుగు. పక్కింటితో మొదలుపెడదామన్నాను. ఆవిడ వినలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పార్టీని నోరారా తిట్టుకుంటూ, ఆ నీళ్ళలో దిగి ముందుగా ఎదురింటి మాణిక్యమ్మగారి గడప ఎక్కారు.