మైలుతుత్తం కలపని బంక

పోయిన నెల మా అక్క కూతురు బోగోలు నుంచి గూడూరు వచ్చి, గుడ్డసంచిలోంచి వాళ్ళ నాన్న పుస్తకం తీసి నా ముందు పెట్టింది. మా బావ జువ్వలదిన్నెలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో, వేటకు పోయే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, ఏ గాలికి ఏ చేప ఒడ్డుకొస్తుందో, ఏ చుక్క పొడిస్తే పడవ తోయాలో వాళ్ళ నోట విన్నదంతా రాసి అచ్చువేయించిన పుస్తకమది. చెప్పినవాళ్ళూ లేరు, రాసిన ఆయనా లేడు, ప్రతుల్లో మిగిలింది ఇదొక్కటే. దాన్ని పేజీ పేజీ ఫోటో తీసి, యంత్రం చేత చదివించి కంప్యూటరు అక్షరాలుగా మార్చాలని ఆ పిల్ల ఏడాదిగా తంటాలు పడుతోంది. పేజీ నడుమ బాగానే చదువుతుందట గానీ, వెన్ను దగ్గర కాగితం వంపు తిరిగే చోట తప్పు మీద తప్పు.

"అక్షరం కనపడకపోతే ఊరుకోదు మామా, తోచిందేదో రాసిపెడతాది. కుట్టు విప్పి కాగితం పరిస్తే సరిగ్గా చదువుతాదంట. కుట్టింది నువ్వే గదా, నువ్వే విప్పు" అన్నది.

నేను కుట్టిన పుస్తకం ఏనుగు తొక్కినా విడిపోదని గూడూరంతా పేరు. ఆ పేరు పెట్టింది నేనే అనుకోండి. రోజుకు నూరు పుస్తకాలు కుట్టేవాణ్ణని మనవళ్ళకు చెబుతుంటాను. నూరు కాదు, ముప్పై. అదీ బైండింగు మేస్త్రీ పక్కన కూర్చుంటేనే, ఆయన కాఫీకి లేస్తే పన్నెండు. నా ఈడువారికి ఆ బైండింగు షాపుల వాసన గుర్తుండే ఉంటుంది, ఉడుకుతున్న మైదా బంక, తడి అట్ట, అట్టకు అంటించే కొత్త కాలికో గుడ్డ. బంక దించేముందు అందులో మైలుతుత్తం పొడి వేసి కలపాలి, లేకపోతే పురుగు ఆ బంక కోసం వచ్చి కాగితం తిని పోతుందని మేస్త్రీ నెత్తీనోరూ కొట్టుకునేవాడు.

కళ్ళజోడు సర్దుకుని, పెద్ద వైద్యుడిలా కత్తి పట్టి వెన్ను మీది గుడ్డ కోశాను. దారం తెగకముందే పిండి రాలింది. కుట్టు పొడవునా పురుగు తొలిచేసింది. ఎడమ పేజీల్లో ప్రతి వరుసకూ చివరి మాట లేదు, కుడి పేజీల్లో మొదటి మాట లేదు. కాగితం ఎంత పరిచినా, యంత్రం ఎంత గొప్పదైనా, లేని అక్షరాన్ని ఏం చదువుతుంది?

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూడలేక, మీ నాన్న ఇదంతా నాకు చదివి వినిపించాడు, ఒక్క ముక్క మరిచిపోలేదు, రాసుకో అన్నాను. పదకొండు పేజీలు గడగడా పూరించాను. పన్నెండో పేజీలో "గాలి తిరిగితే ఆ పొద్దు వేటకు పోరాదు" అని ఉంది, ఏ గాలో ఆ మాట మాత్రం లేదు. తూర్పుగాలి అన్నాను. ఆమె రాయబోయి ఆగి, నా మొహంలోకి చూసింది.

"నిజంగా నాయన చెప్పిందేనా, నువ్వు కూడా ఆ మిషను మాదిరే చెప్తుండావా?"

అప్పుడు ఒప్పుకున్నాను. బావ నాకు చదివి వినిపించిన మాట నిజమే, నేను సగం కునికిన మాటా నిజమే. ఇంకొకటి కూడా చెప్పేశాను. ఆ పుస్తకాలు కుట్టిన వారమే చిట్టమూరులో నా పెళ్ళిచూపులు. మైలుతుత్తం పట్టుకుంటే గోళ్ళు పచ్చబడతాయి, ఆ రంగు నెలకు గానీ వదలదు. మేస్త్రీ బయటికి పోయిన సమయం చూసి, ఆ రోజు బంక ఉత్తదే వాడాను.

ఆమె తిట్టలేదు. నేను చెప్పిన పదకొండు పేజీల మాటలూ చెరిపేసి, పోయిన ప్రతి మాటకూ చుక్కలు పెట్టింది.

మిగిలిన కాగితాలకు నేను మళ్ళీ కుట్టు వేశాను. ఈసారి బంకలో మైలుతుత్తం దండిగా కలిపాను. మా ఆవిడ నా గోళ్ళు చూసి, "ఆ పొద్దు ఈ గోళ్ళతో వచ్చుంటే నేనొద్దనేదాన్ని. పుస్తకమన్నా మిగిలేది" అన్నది.

వెనకటికి పేజీ చిరిగితే జువ్వలదిన్నె పోయి అడిగితే చెప్పేవాళ్ళుండేవారు. ఇప్పుడక్కడ హార్బరు వచ్చింది, గాలి సంగతి ఫోను చెబుతుంది. అయినా మా పిల్ల పోయి అడిగి వచ్చింది. ఒక ముసలాయన, "ఆ గాలికో పేరుండేది తల్లీ, మా నాయనకు తెలుసు" అన్నాడట. ఆ చుక్కలు చూసినప్పుడల్లా తూర్పుగాలి అని చెప్పేయాలని ఇప్పటికీ నాకు నోరు దురదపెడుతుంది. అబద్ధమైనా సరే, అక్కడొక పేరుంటే బాగుండేదనిపిస్తుంది.